రాష్ట్ర అధ్యక్ష పదవికి పోటీ వస్తే ఓటు ఎలా వేయించాలి? విశాఖలో దొరికే ఓటింగ్ సేవలపై సమీక్ష

పార్టీ రాష్ట్ర అధ్యక్ష పదవికి ఇద్దరో ముగ్గురో నిలబడి, ఎవరూ వెనక్కి తగ్గకపోతే ఓటింగ్ పెట్టక తప్పదు. ఆ పని చేసిపెట్టేవాళ్లు విశాఖలో మూడు రకాలుగా దొరుకుతారు. ఫోన్ చేసి అంకె నొక్కమనే ఐవీఆర్‌ఎస్ వాళ్లు ఒకరు. మొబైల్‌కి లింకు పంపి ఓటీపీతో ఓటు వేయించే ఆన్‌లైన్ వాళ్లు ఇంకొకరు. మూడోవాళ్లు బ్యాలట్ కాగితాలు అచ్చువేసి పుస్తకాలుగా కుట్టి ఇచ్చే ప్రెస్సుల వాళ్లు. వీటికి తోడు పైసా ఖర్చు లేని పాత పద్ధతి ఉండనే ఉంది, సభలో చేతులెత్తించడం.

పోలికకు ఒక లెక్క పెట్టుకున్నాం. 175 అసెంబ్లీ నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి చొప్పున 350 మంది ప్రతినిధులు, రాష్ట్ర కార్యవర్గం 50 మంది, మొత్తం 400 ఓట్లు. ఒకే రోజు, విశాఖలో ఒకే చోట పోలింగ్, ఆ సాయంత్రమే లెక్కింపు. కొలబద్ద మాత్రం ఒక్కటే. ఓడిపోయిన అభ్యర్థి తరఫు ఏజెంటు, ఎవరి మాటా నమ్మాల్సిన పని లేకుండా, తన కళ్లతో సరిచూసుకుని ఫలితాల పట్టీ మీద సంతకం పెట్టగలడా? గెలిచినవాడికి ఏ పద్ధతైనా బాగానే కనిపిస్తుంది. ఓడినవాడు రేపటి నుంచి అదే పార్టీలో పనిచేయాలి కాబట్టి అతని సంతకమే ముఖ్యం. ఈ కొలతకు నిలబడింది కాగితం బ్యాలట్ ఒక్కటే. మిగతావి ఎక్కడ తప్పాయో ముందు చెప్పి, కాగితం దగ్గర ఎక్కువసేపు ఆగుతాం. ఎందుకంటే అది కూడా దానంతటది సరిగ్గా నడిచే వస్తువు కాదు.

చేతులెత్తడం

మన రాష్ట్రంలో పెద్ద పార్టీల అధ్యక్ష పదవి ఈమధ్య ఓటు పెట్టె దాకా రాలేదు. 2024 జనవరిలో వైఎస్ షర్మిలను కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షురాలిగా ఏఐసీసీ నియమించింది. అదే ఏడాది జూన్‌లో గాజువాక ఎమ్మెల్యే పల్లా శ్రీనివాసరావును తెలుగుదేశం రాష్ట్ర అధ్యక్షుడిగా చంద్రబాబు నియమించారు. 2025 జులై 1న విశాఖకే చెందిన పీవీఎన్ మాధవ్ ఒకే ఒక్క నామినేషన్‌తో బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడయ్యారు. అందువల్ల ఓటింగ్ ఏర్పాట్లు ఎలా చేయాలో చేతి అనుభవం ఉన్న కార్యకర్తలు జిల్లాల్లో తక్కువ. తీరా పోటీ వచ్చేసరికి ‘అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి’ దగ్గరకే వెళ్తారు.

చేతులెత్తడం రెండు చోట్ల చెడుతుంది. మొదటిది లెక్క. 400 మంది ఉన్న హాల్లో వేదిక మీద నుంచి చేతులు లెక్కపెడితే రెండుసార్లకు రెండు అంకెలు వస్తాయి. వరసకొకరిని నిలబెట్టి లెక్కిస్తే ఈ తేడా చాలావరకు పోతుంది. రెండోదానికి మందు లేదు. తన టికెట్టు, తన మండల పదవి ఎవరి చేతిలో ఉన్నాయో ఆ నాయకుడు వేదిక మీద కూర్చుని చూస్తుంటే ప్రతినిధి చెయ్యి అతని వైపే లేస్తుంది. కమ్యూనిస్టు పార్టీల మహాసభల్లో నాయకత్వం పెట్టిన పేర్ల జాబితాకు (ప్యానెల్‌కు) పోటీగా పేరు వచ్చినప్పుడు రహస్య ఓటింగ్ పెట్టడం ఇందుకే. తీర్మానాలు ఆమోదించడానికి చేతులెత్తడం చాలు, మనిషిని ఎన్నుకోవడానికి చాలదు.

ఇక్కడే ఒక మాట. పోటీ ఉంటుందా ఉండదా అనేది ఓటింగ్ కంటే ముందు నామినేషన్ ఫారం దగ్గరే తేలిపోతుంది. బీజేపీలో రాష్ట్ర అధ్యక్ష పదవికి పేరు ప్రతిపాదించాలంటే ఓటు హక్కున్న పదిమంది సభ్యులు కలిసి సంతకం పెట్టాలి. 2025 జూన్ 30న తెలంగాణలో ఎమ్మెల్యే రాజాసింగ్ తన మద్దతుదారులను సంతకాలు చేయనివ్వలేదని ఆరోపిస్తూ పార్టీకి రాజీనామా చేశారు. ఎవరి వాదన సరైనదనేది అలా ఉంచితే, ప్రతిపాదకుల సంఖ్య పెట్టేటప్పుడు ఆలోచించాల్సిన విషయం ఇది. ప్రతిపాదన సంతకం రహస్యం కాదు, అది ఒకరకంగా బహిరంగ ఓటే. 400 మంది ఓటర్లున్న చోట ఐదుగురు చాలు. అంతకు మించి పెడితే, లోపల రహస్య బ్యాలట్ ఎంత బాగా జరిపినా ప్రతినిధి భయపడేది బయట గుమ్మం దగ్గరే.

ఫోన్ చేసి అంకె నొక్కించడం

ఐవీఆర్‌ఎస్ సేవ చవక, ఏర్పాటుకు ఒక్క రోజు చాలు. తెలుగుదేశం అభ్యర్థుల ఎంపికలో ఈ సర్వేలు వాడటంతో రాష్ట్రంలో ప్రతి కార్యకర్తకూ ఇది తెలిసిన పద్ధతే. 2022 జనవరిలో ఆమ్ ఆద్మీ పార్టీ పంజాబ్ ముఖ్యమంత్రి అభ్యర్థి కోసం ఫోన్ నంబరు ఇచ్చి అభిప్రాయాలు అడిగింది. 21 లక్షలకు పైగా స్పందనలు వచ్చాయని, వాటిలో 93 శాతం భగవంత్ మాన్‌కేనని పార్టీ ప్రకటించింది. ఆ అంకెలను బయటివాళ్లు సరిచూసే దారి మాత్రం లేదు.

సర్వేకూ ఎన్నికకూ ఉన్న తేడా అదే. సర్వేలో నూటికి ముప్పై మంది ఫోన్ ఎత్తినా మొగ్గు ఎటుందో తెలుస్తుంది. ఎన్నికలో ఎత్తని ప్రతి ఫోనూ పోయిన ఓటు. తెలియని నంబరు నుంచి వచ్చే కాల్ ఈ రోజుల్లో చాలామంది ఎత్తరు. ఎత్తినవాళ్లలో మొదట చదివిన పేరుకు తొందరపడి 1 నొక్కేవాళ్లుంటారు. పేర్ల వరసను కాల్‌కొకలా మార్చి వినిపించమని అడిగితే సేవ ఇచ్చేవాళ్లు చేస్తారు, ఒప్పందంలో రాయించుకోవాలి. అయినా పడిన ఓట్ల నివేదిక వాళ్ల కంప్యూటర్ నుంచి వచ్చిన ఒక పట్టిక మాత్రమే. ఓడిన ఏజెంటు దాన్ని దేనితో పోల్చుకోవాలి? అధ్యక్షుడి ఎంపికకు ముందు జిల్లాల నాడి తెలుసుకోవడానికి వాడండి, ఎన్నికకు వద్దు.

లింకు, ఓటీపీ

మూడింటిలో చూడటానికి ముచ్చటగా ఉండేది ఇదే. అనంతపురం ప్రతినిధి విశాఖ దాకా రానక్కర్లేదు, చెల్లని ఓటు అనేదే ఉండదు, పోలింగ్ ముగిసిన నిమిషంలో ఫలితం. హౌసింగ్ సొసైటీలు, ఉద్యోగుల సంఘాలు ఇప్పటికే వాడుతున్నాయి. వాటికి సరిపోతుంది కూడా. పార్టీ పదవికి వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి.

ఓటీపీ సంగతి తీసుకుందాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ఎస్‌ఎంఎస్ పంపేవాడి పేరూ, సందేశం నమూనా వాక్యమూ డీఎల్‌టీ వేదికలో (టెలికాం కంపెనీలు నడిపే ఆన్‌లైన్ నమోదు పట్టికలో) ముందే నమోదై ఉండాలి. ఆమోదించిన నమూనాలో ఒక్క పదం మార్చినా సందేశం మధ్యలోనే ఆగిపోతుంది. పోలింగ్ ముందురోజు ఎవరో ‘పార్టీ పేరు కూడా చేర్చండి’ అంటే, పొద్దున్నే 400 మందికీ ఓటీపీ రాదు. కనీసం వారం ముందు నమూనా ఖరారు చేసి, ప్రతి జిల్లాకూ ఇద్దరేసి ప్రతినిధులకు పంపి పరీక్షించాలి.

తర్వాత ఫోన్ నంబర్ల జాబితా. పార్టీ రికార్డుల్లో నాయకుడి పేరు ఎదురుగా ఉండేది చాలాసార్లు ఆయన పీఏ నంబరో, కొడుకు నంబరో. ఒకే నంబరు నాలుగు పేర్ల ఎదురుగా కనిపించడం మామూలే. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తే ఓటు వారిదే అవుతుంది. అందుకని జాబితా కంప్యూటర్‌లోకి ఎక్కించగానే ఒకే నంబరు ఎన్నిసార్లు వచ్చిందో వడపోయించండి. అది పది నిమిషాల పని. పాడేరు, చింతపల్లి, అరకు వైపు ప్రతినిధులకు సిగ్నల్ సంగతి వేరే చెప్పాలా? ఓటీపీకి రెండు మూడు నిమిషాల గడువు పెడితే కొండ మీద మనిషికి అది వచ్చేలోపే చచ్చిపోతుంది. గడువు పదిహేను నిమిషాలకు పెంచమనాలి.

ఇవన్నీ సరిచేసుకోగలిగినవే. సరికానిది ఒకటుంది. లింకు వచ్చిన సమయంలో ప్రతినిధి ఎక్కడ కూర్చున్నాడు? జిల్లా నాయకుడి ఇంట్లో, పదిమంది మధ్య, టీ తాగుతూ. ఫోన్ చేతిలోంచి చేతిలోకి మారుతుంది. కాగితం బ్యాలట్‌లో మూడు వైపుల అడ్డు ఉండేది ఆ పదిమందినీ ఆపడానికే. దానికి సమానమైనది మొబైల్‌లో లేదు.

అయినా ఆన్‌లైనే కావాలనుకునే చిన్న పార్టీలు సేవ ఇచ్చేవాళ్లను మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి. ఓటరు నంబరు, అతను వేసిన ఓటు ఒకే పట్టికలో పక్కపక్కన నిల్వ ఉంటాయా? పోలింగ్ నడుస్తుండగా ఎవరికెన్ని పడ్డాయో చూడగలిగే లాగిన్ ఎవరి దగ్గర ఉంటుంది? ఎన్నిక ముగిశాక ప్రతినిధుల ఫోన్ నంబర్లను ఎప్పుడు చెరిపేస్తారు? మూడోది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక మర్యాద కోసం అడిగేది కాదు. 400 మంది రాజకీయ కార్యకర్తల నంబర్లు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగిస్తున్నారు. మొదటి ప్రశ్నకు సూటిగా ‘లేదు’ అని రాసివ్వనివాళ్లను అక్కడితో వదిలేయండి.

సభ్యత్వ నమోదు, ప్రతినిధుల జాబితా ప్రకటన, అభ్యంతరాల స్వీకరణ, వీటికి ఆన్‌లైన్ అంత మంచిది ఇంకోటి లేదు. జాబితాను పోలింగ్‌కు 15 రోజుల ముందు పార్టీ వెబ్‌సైటులో పెడితే సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. ఓటరు ఎవరో పోలింగ్ రోజు తేల్చడం మొదలుపెట్టిన ఎన్నిక ఏ పద్ధతిలో పెట్టినా సజావుగా ముగియదు.

కాగితం

కాగితానికి ఉన్న గుణం ఏమిటంటే, ఏమీ తెలియని మనిషి కూడా దాన్ని చూడగలడు. పెట్టె ఖాళీగా ఉందని పొద్దున చూస్తాడు, సాయంత్రం దాకా దాని మీద కన్నేసి ఉంచుతాడు, విప్పాక లెక్కపెడతాడు. దేశంలో పార్టీ అంతర్గత ఎన్నికల్లో ఈమధ్య అందరూ గమనించింది 2022 అక్టోబర్ 17 నాటి కాంగ్రెస్ జాతీయ అధ్యక్ష ఎన్నిక. రెండు రోజుల తర్వాత లెక్కిస్తే మల్లికార్జున ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 వచ్చాయి. 416 చెల్లలేదు. కాగితం బలమూ, దాని బలహీనతా రెండూ ఆ ఒక్క ఎన్నికలోనే కనిపిస్తాయి కాబట్టి ఇక్కడ దాన్ని మళ్లీ మళ్లీ తలుచుకుంటాం.

విశాఖలో బ్యాలట్ అచ్చుకు డాబాగార్డెన్స్, అల్లిపురం వైపు ప్రెస్సులు చాలు. పని చిన్నది. 400 ఓట్లకు పదో వంతు అదనం కలిపి 440, పుస్తకానికి 50 చొప్పున 9 పుస్తకాలు, అంటే 450 బ్యాలట్లు. ఏ4 కాగితంలో సగం సైజు, అందులోనే ఎడమవైపు కౌంటర్‌ఫాయిల్ (బ్యాలట్ చించాక పుస్తకంలో మిగిలే ముక్క), మధ్యలో చిల్లుల గీత. మొత్తానికి అర రీము కాగితం సరిపోతుంది. మామూలు 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పల్చటి కాగితం వద్దు. మడిచాక వెనకనుంచి గుర్తు కనబడుతుంది. 100 జీఎస్‌ఎం మ్యాప్‌లితో రకం కాగితం అడగండి. నమూనా కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీసి, వెలుతురుకు ఎత్తి చూసిన తర్వాతే అచ్చుకు సరే అనండి. విశాఖ గాలిలో చెమ్మ ఎక్కువ. కట్టలు విప్పి పెడితే రెండు రోజుల్లో అంచులు ముడుచుకుని, చించేటప్పుడు గీత వెంట కాకుండా పక్కకు చిరుగుతాయి. పోలింగ్ పొద్దుటి దాకా పాలిథిన్ చుట్టే ఉంచాలి.

నంబరింగ్ దగ్గర ప్రెస్సు వాళ్లు బిల్లు పుస్తకాల అలవాటుతో రెండు వైపులా ఒకే నంబరు వేస్తారు. ఇదొక పెద్ద తప్పు. కౌంటర్‌ఫాయిల్ మీద ఓటరు సంతకం ఉంటుంది. బ్యాలట్ మీద కూడా అదే నంబరుంటే ఎవరు ఎవరికి వేశారో తర్వాత తీరిగ్గా జతచేసుకోవచ్చు. నంబరు కౌంటర్‌ఫాయిల్ మీదే ఉండాలని ఆర్డరు ఫారంలో రాయించండి. దొంగ బ్యాలట్ రాకుండా కాపాడేది నంబరు కాదు, బ్యాలట్ వెనక రిటర్నింగ్ అధికారి పెట్టే సంతకం, ముద్ర. ఆ సంతకం బ్యాలట్ ఇచ్చేటప్పుడే పెట్టాలి. ముందురోజు రాత్రి 450కీ పెట్టేస్తే మిగిలిన 50 సంతకం చేసిన ఖాళీ బ్యాలట్లు ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న వస్తుంది. అచ్చయ్యాక పాడైన షీట్లు, ప్లేటు, డిజిటల్ ప్రింటైతే ఫైలు, అన్నీ ప్రెస్సు నుంచి తెచ్చుకోవాలి. అచ్చు జరిగినంతసేపు అభ్యర్థుల తరఫున ఒక్కో మనిషి అక్కడ కూర్చుంటే ఇంకా మంచిది, రెండు గంటల పనే కదా.

పేర్ల వరస తెలుగు అక్షర క్రమంలో పెట్టండి, లేదా అందరి ముందు చీటీ తీయండి. ఏదైనా సరే, నామినేషన్లకు ముందే ప్రకటించాలి. ఓటరు వేసే గుర్తు విషయం అంతకంటే సున్నితం. 2022లో కాంగ్రెస్ ఎన్నికల అధికారి మధుసూదన్ మిస్త్రీ మొదట నచ్చిన పేరు ఎదురుగా 1 అంకె వేయమన్నారు. బ్యాలట్‌లో ఖర్గేది వరస నంబరు 1, థరూర్‌ది 2. 1 వేయమంటే ఒకటో నంబరుకు వేయమన్నట్టు వినబడుతుందని థరూర్ వర్గం అభ్యంతరం చెప్పింది. అది న్యాయమైన అభ్యంతరమే. తర్వాత టిక్ గుర్తుకు మార్చారు. పేర్లకు వరస నంబర్లు వేయకపోతే ఈ గొడవే రాదు. పేరూ, పక్కన ఫొటో ఉంటే నంబరుతో ఏం పని?

ఇద్దరే అభ్యర్థులైతే రబ్బరు స్టాంపు మంచిది. ఎన్నికల సంఘం వాడే బాణపు కొనల స్వస్తిక్ ముద్రలో ఒక తెలివుంది. బ్యాలట్ మడిచినప్పుడు ఆరని సిరా ఎదుటి పేరు మీద అంటుకుంటుంది. అలా అంటుకున్నది అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది కాబట్టి అసలు గుర్తు ఏదో తేలిగ్గా పట్టుకోవచ్చు. గుండ్రటి చుక్కో, ఇంటూ గుర్తో ఉన్న స్టాంపుకు ఆ సౌకర్యం లేదు, రెండూ ఒకేలా కనిపిస్తాయి. పార్టీ ఎన్నికకు సున్నాలో ‘క’ అక్షరం ఉన్న స్టాంపు చేయించుకోండి. తిరగబడిన ‘క’ను ఎవరైనా గుర్తుపడతారు. చెమ్మ రోజుల్లో స్టాంపు ప్యాడ్‌కు సిరా తక్కువ పోయాలి. పై అంచును కింది అంచుకు కాకుండా ఎడమ అంచును కుడి అంచుకు తెచ్చి మడిస్తే అంటుకున్న మరక ఇంకో పేరు మీద కాక అదే వరసలో పడుతుంది. మడత గీత ముందే వేయించి ఇస్తే ఓటరుకు చెప్పాల్సిన పని కూడా ఉండదు.

ముగ్గురు, ఆపైన ఉంటే ప్రాధాన్య ఓటు (నచ్చిన వరసలో పేర్ల ఎదురుగా 1, 2, 3 వేయడం) పెట్టడమే న్యాయం. లేకపోతే నూటికి 60 మంది వద్దనుకున్న మనిషి 40 ఓట్లతో అధ్యక్షుడైపోతాడు. ఉత్తరాంధ్రకు ఇది కొత్త కాదు. 2023 మార్చిలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికకు స్వర్ణభారతి ఇండోర్ స్టేడియంలో జరిగిన లెక్కింపు మొదటి ప్రాధాన్యంతో తేలక, రెండో ప్రాధాన్యం దాకా వెళ్లాకే వేపాడ చిరంజీవిరావు గెలిచారు. ఆ ఎన్నికల్లో వాడే నియమాలనే తెచ్చుకోవచ్చు. 1, 2, 3 అంకెలే వేయాలి. రోమన్ అంకెలు, తెలుగు అంకెలు కూడా చెల్లుతాయి. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు, టిక్ పెడితే చెల్లదు, 1 లేకపోయినా, ఇద్దరికి 1 వేసినా చెల్లదు. పేరో సంతకమో పెడితే అసలే చెల్లదు. రెండో ప్రాధాన్యం వేయకపోయినా మొదటిది చెల్లుతుంది. అందరికీ ఒకే ఊదా రంగు స్కెచ్ పెన్ను బూత్‌లోనే పెట్టాలి. సొంత పెన్నులు రానిస్తే, ‘ఆకుపచ్చ సిరాతో వెయ్యి, మాకు తెలుస్తుంది’ అనే ఒత్తిడి మొదలవుతుంది.

ప్రాధాన్య లెక్క ఎక్కడ తడబడుతుందో అంకెలతో చూడాలి. 400లో 391 చెల్లాయనుకోండి. కోటా అంటే అందులో సగానికి పైన ఒకటి, 196. క అనే అభ్యర్థికి 160, గ కు 131, చ కు 100. ఎవరూ 196 చేరలేదు కాబట్టి చ ను తప్పించి ఆ 100 బ్యాలట్ల మీద 2 ఎవరికుందో చూస్తారు. క కు 30, గ కు 62, మిగతా 8 మీద రెండో ప్రాధాన్యమే లేదు. ఇప్పుడు క కు 190, గ కు 193. గ ముందున్నాడు కానీ 196 రాలేదు. గెలిచినట్టా, లేనట్టా? మిగిలినవారిలో ఎక్కువ వచ్చినవారే విజేత అని ముందే రాసి ఉంటే గ గెలిచినట్టు. రాసి లేకపోతే ఆ రాత్రి హాలు గేటు దగ్గర పోలీసులు కావాల్సి వస్తుంది. ఎన్నిక ప్రకటనలో ఈ ఒక్క వాక్యం లేకుండా ప్రాధాన్య ఓటు పెట్టొద్దు. సమానంగా వస్తే మొదటి ప్రాధాన్యం ఎక్కువున్నవారు, అవీ సమానమైతే చీటీ. ఇదీ అక్కడే రాయాలి.

తేడా 3 ఓట్లే ఉన్న చోట 9 చెల్లని ఓట్లున్నాయని గమనించండి. కాంగ్రెస్ ఎన్నికలో చెల్లనివి 9,385లో 416, నూటికి నాలుగుకు పైనే. అక్కడ గెలుపు తేడా వేలల్లో ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అదే నిష్పత్తి 400 ఓట్లకు వేస్తే 18 అవుతుంది. అందుకే బ్యాలట్ ఇచ్చే బల్ల పక్కన గోడకు నాలుగడుగుల ఫ్లెక్సీ కట్టి, చెల్లే బ్యాలట్, చెల్లని బ్యాలట్ నమూనాలు ఊరూపేరూ లేని అభ్యర్థులతో చూపించాలి. ఫ్లెక్సీ వాళ్లకు ఇచ్చే డబ్బులో ఇంతకంటే విలువైన ఖర్చు ఇంకోటి ఉండదు.

హాలు, పెట్టె, లక్క

హాలు ఎంచేటప్పుడు సభకు పనికొచ్చేది పోలింగుకు పనికిరాదని గుర్తుంచుకోవాలి. సిరిపురం, ద్వారకానగర్ వైపు ఆడిటోరియాల్లాంటి చోట్ల కుర్చీలు నేలకు బిగించి ఉంటే బల్లలు వేసే జాగా ఉండదు. బాల్కనీ ఉంటే పైనుంచి బూత్‌లోకి చూపు పడుతుంది. ఫంక్షన్ హాల్ నయం. భోజనాల గది పోలింగుకు, కల్యాణ మండపం అభ్యర్థుల ప్రసంగాలకు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో ఖాళీగా దొరుకుతాయి, బేరం కూడా కుదురుతుంది. ముహూర్తాల నెలలో సాయంత్రం పెళ్లివారు వచ్చేస్తారని లెక్కింపు మధ్యలో హాలు ఖాళీ చేయాల్సిన పరిస్థితి రాకూడదు. మర్నాడు ఉదయం దాకా మాట్లాడుకోండి. ప్రభుత్వ హాలైతే ఏ ఎన్నికల కోడ్ అయినా అమల్లోకి వస్తే బుకింగ్ చిక్కులో పడుతుంది. సీసీ కెమెరాలు ఎటు తిరిగి ఉన్నాయో నిలబడి చూసి, బూత్ వైపున్నవాటికి గుడ్డ కట్టించండి.

బూత్‌లకు టెంట్ హౌస్ బల్లలు నాలుగు, ఒక్కోదానికి మూడు వైపులా రెండడుగుల అట్ట అడ్డు. ఫ్రిజ్ డబ్బాల అట్ట సరిగ్గా సరిపోతుంది. ఓటరుకు నిమిషంన్నర చొప్పున నాలుగు బూత్‌లలో గంటకు 160 మంది, అంటే 400 మందికి రెండున్నర గంటలు. కానీ జనం అలా సమంగా రారు. రాయలసీమ ప్రతినిధులు రాత్రి రైళ్లలో వస్తారు. కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. దువ్వాడలో దిగినవాళ్లు నగరం నడిబొడ్డుకు వచ్చేసరికి ఇంకో గంట. పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా పోలింగ్ ఉంచి, 3కు గేటు మూసే సమయానికి లోపలున్నవాళ్లందరికీ చీటీలిస్తే సరిపోతుంది. సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గర టోకెన్ పద్ధతిలో తీసుకోవాలి. వేసిన బ్యాలట్ ఫొటో తీసి చూపించమని అడిగేవాళ్లుంటారు.

పెట్టె పారదర్శకంగా ఉన్నదైతే లోపల ఖాళీ అని వేరే చూపించక్కర్లేదు. దొరక్కపోతే తాళం పడే ఇనప్పెట్టె. మూత అంచు మీద కాగితం పట్టీ అంటిస్తే సరిపోతుందనుకోవద్దు. సముద్రపు గాలికి జిగురు మెత్తబడి, సాయంత్రానికి పట్టీ ఊడుతుంది, చూసినవాడు పెట్టె విప్పారంటాడు. నూలు దారం కట్టి ముడి మీద లక్క పోయాలి. ఫ్యాన్ ఆపి, కొవ్వొత్తి మీద కరిగించి, ఆరకముందే రిటర్నింగ్ అధికారి ఇత్తడి ముద్రతో పాటు ప్రతి ఏజెంటూ తన ముద్రో, ఉంగరమో నొక్కాలి. 2022లో థరూర్ వర్గం ఉత్తరప్రదేశ్‌పై చేసిన ఫిర్యాదుల్లో ఒకటి పెట్టెలకు అనధికార సీళ్లు వేశారని. సీలు ఎవరిదో ఏజెంట్లకు ముందే తెలిసి ఉంటే ఆ మాట రాదు. ఓటరు వేలికి సిరా అక్కర్లేదు. 400 మందే, పేరుపేరునా జాబితా ఉంది. సంతకం, గుర్తింపు కార్డు చాలు.

లెక్కింపుకు కూర్చునే ముందు రెండు అంకెలు కలవాలి. చించిన కౌంటర్‌ఫాయిళ్లు ఎన్ని, పెట్టెలో బ్యాలట్లు పాడైపోయి వెనక్కిచ్చినవాటితో కలిపి ఎన్ని. మూడో అంకె, మిగిలిన ఖాళీ బ్యాలట్లు. రెండో అంకె, మూడో అంకె కూడితే 450 రావాలి. ఈ కూడిక అవ్వకుండా ఒక్క మడతా విప్పొద్దు. పోలింగ్ రెండు మూడు ఊళ్లలో పెడితే అన్ని పెట్టెల బ్యాలట్లూ ఒకే బల్ల మీద కలిపేసి అప్పుడు విడదీయాలి. కాంగ్రెస్ వాళ్లు 2022లో ఢిల్లీలో అలాగే కలిపారు. ఏ రాష్ట్రం ఎవరికి వేసిందో తెలియకుండా ఉండటానికి. ఇక్కడైతే ఏ జిల్లా ఎవరికి వేసిందో తెలియకూడదు. తర్వాత 25 చొప్పున కట్టలు. అనుమానం ఉన్నవి పక్కన పెట్టి, అందరూ చూసేలా ఒక్కొక్కటీ ఎత్తి, ఏ నియమం కింద చెల్లుతుందో చెల్లదో వెనకే రాయాలి. ఇంత చేసినా 400 ఓట్లకు గంట, రెండో ప్రాధాన్యానికి వెళ్తే ఇంకో అరగంట.

ఫలితాల పట్టీ నాలుగు ప్రతులు తీసి, ప్రతి ఏజెంటు సంతకం పెట్టాక ఒక్కో ప్రతి వాళ్లకే ఇవ్వాలి. పదవి మారిన సంగతి ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల సంఘానికి ఆలస్యం లేకుండా తెలియజేయాలి. ఆ లేఖకు పట్టీ ప్రతి జతచేస్తే మంచిది. చిన్న పార్టీలు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. బ్యాలట్లు, కౌంటర్‌ఫాయిళ్లు వేర్వేరు సంచుల్లో లక్కతో సీలు చేసి, చెమ్మ తగలని ఇనప బీరువాలో ఆరు నెలలు ఉంచండి. బీరువాకు రెండు తాళాలు, ఒక తాళంచెవి పార్టీ కార్యాలయంలో, రెండోది ఓడిన అభ్యర్థి దగ్గర.